పారేయండి గానీ, విరగ్గొట్టకండి

విజయవాడలోని అపార్ట్‌మెంట్ సంక్షేమ సంఘాల అధ్యక్షులకు, కార్యదర్శులకు, కమిటీ సభ్యులకు నమస్కారం.

పోయిన ఆదివారం పొద్దున్నే పాల ప్యాకెట్ల కోసం వెళ్తుంటే మా వీధి చివరి అపార్ట్‌మెంట్ గేటు దగ్గర దబ్‌దబ్‌మని చప్పుడు. చూద్దును కదా, వాచ్‌మన్ సమ్మెట పట్టుకుని ఒక పడక్కుర్చీని కొడుతున్నాడు. పాతకాలపు పడక్కుర్చీ అది. చేతులు ముందుకి బారెడు పొడుగుంటాయి, వాటి కిందనుంచి ఇంకో జత చేతులు తిరిగి బయటికొస్తాయి, కాళ్ళు చాపుకోడానికి. మా తాతగారి అరుగు మీద అచ్చం అలాంటిదే ఉండేది. "బాగానే ఉంది కదా బాబూ, ఎందుకు కొడుతున్నావు?" అన్నాను. "బాగానే ఉందమ్మా. అట్టానే పెడితే బయటోళ్ళు వచ్చి పట్టుకుపోతన్నారంట. ఎవరు పడితే వాళ్ళు గేటు కాడికి రాకుండా పగలగొట్టి పెట్టమన్నారు కమిటీ సార్లు" అన్నాడు. చెప్పడానికి అతనికీ మనసొప్పలేదు. నేను ఆపమనేసరికే వెనక కాళ్ళు రెండూ నిలువునా చీలిపోయాయి, వీపు చట్రం మధ్యకి విరిగింది. పొడుగు చేతులు రెండూ మాత్రం చెక్కుచెదరలేదు. అవి అడిగి ఇంటికి తెచ్చుకున్నాను.

ఆ రాత్రే ఈ ఉత్తరం మొదలుపెట్టాను. ఆ కమిటీ పేరు ఇక్కడ రాయను. ఇదే పద్ధతి ఇంకో రెండు మూడు చోట్ల కూడా చూశాను, అంతా తమ నివాసుల క్షేమం కోసమే చేస్తున్నామనుకుంటున్నారు. అందుకే అందరికీ కలిపి రాస్తున్నాను.

మా ఇంటి సంగతి చెబితే నా బాధేమిటో మీకు తెలుస్తుంది. మేం భోంచేసే బల్ల కింద ఉన్నది కుట్టుమిషన్ స్టాండు. పుస్తకాల అలమర ఒకప్పుడు ఎవరింటిదో ద్వారబంధం. హాల్లో నిలువుటద్దం ఒక సెలూన్ మూసేసినప్పుడు రోడ్డు మీద పెట్టేసింది. వంటింట్లో ఉప్పుకీ చింతపండుకీ వాడే పింగాణీ జాడీలు ఎవరో ఇల్లు ఖాళీ చేస్తూ ప్రహరీ పక్కన వదిలేసినవి. ఒకదానికి మూత లేదు, శుభ్రంగా గీకి నూనె పట్టించిన కొబ్బరి చిప్ప బోర్లిస్తాను. వాకిట్లో రుబ్బురోలు ఉంది. రుబ్బురోళ్ళ సంగతి మీకూ తెలుసు. గ్రైండర్లొచ్చాక వాటినెవరూ మొయ్యలేక, కొనేవాళ్ళూ లేక, ఏ వీధిలో చూసినా వేపచెట్టు మొదట్లో ఒకటి పడి ఉంటుంది. మాదాన్ని నలుగురు పట్టి ఆటోలో ఎక్కించారు. ఎండాకాలం దాని గుంటలో నీళ్ళు పోస్తే పిచ్చుకలు వచ్చి మునిగి లేస్తాయి. డబ్బిచ్చి కొన్నవంటే పరుపులు, ఫ్యాన్లు, ఫ్రిజ్, పొయ్యి, అంతే. మిగతా ఇల్లంతా మీలాంటివాళ్ళు వద్దనుకున్న సామాను. ఇరవయ్యేళ్ళలో ఒక్కొక్కటే ఇంటికి చేరింది.

మిషన్ స్టాండు గురించి కాస్త వివరంగా చెప్పనివ్వండి, ఎందుకంటే సమ్మెట దెబ్బకి ఏం పోతుందో దానివల్లే నాకు అర్థమైంది. గవర్నర్‌పేటలో ఒక టైలరు షాపు ఎత్తేశారు. మిషన్ తలకాయ ఎవరో తీసేసుకున్నారు. పైచెక్క పుచ్చిపోయింది. ఇనప కాళ్ళు, తొక్కుడు పలక, చక్రం తుప్పు పట్టి మట్టి కొట్టుకుని కాలవ గట్టున పడున్నాయి. ఆ కాళ్ళు పోత ఇనుముతో చేస్తారు. తీగలల్లినట్టు, పువ్వులు గుచ్చినట్టు ఆ పనితనమంతా కరిగిన ఇనుమును అచ్చులో పోసి తీసింది. పోత ఇనుము ఎంత బరువైనా మోస్తుంది, సమ్మెట దెబ్బకి మాత్రం వంగదు, పింగాణీలా పగులుతుంది. పగిలితే మామూలు వెల్డింగు దాని మీద నిలవదు, అతికిన చోటు పక్కనే మళ్ళీ చిట్లుతుంది. నా అదృష్టం, దాన్నెవరూ కొట్టలేదు. తీగ బ్రష్షుతో తుప్పు రాలగొట్టడానికే రెండు ఆదివారాలు పట్టింది. బ్రష్షు దూరని సందుల్లో పాత టూత్‌బ్రష్షుకి టర్పెంటైన్ ముంచి రుద్దాను. మట్టి పోయేకొద్దీ చట్రం మధ్యలో ఆ కంపెనీ పేరు అక్షరం తర్వాత అక్షరం బయటపడింది. తర్వాత ఉప్పు కాగితం, రెడ్ ఆక్సైడ్ ఒక పూత, నల్ల ఎనామిల్ రెండు పూతలు. పైకి పాత తలుపు రెక్క కోయించి బిగించాం. తొక్కుడు పలక ఇప్పటికీ ఆడుతుంది. మా మనవరాలు అన్నం తింటూ దాన్ని తొక్కుతూనే ఉంటుంది. ఆ చక్రం తిరుగుతుంటే ముద్దలు వాటంతటవే లోపలికి పోతాయి.

ద్వారబంధం సత్యనారాయణపురంలో ఒక పెంకుటిల్లు కూల్చినప్పటిది. ఆ పేటలో ఇళ్ళు ఎలా పోతున్నాయో మీరు చూస్తూనే ఉన్నారు. అరుగులు, మండువా, దూలాలు ఉన్న ఇల్లు పొద్దున కనిపిస్తే, సాయంత్రానికి ట్రాక్టర్లలో మట్టి. దూలాల్నీ పెద్ద తలుపుల్నీ పాత కలప వ్యాపారులు ముందే బేరమాడుకుంటారు. మిగిలేవి చిన్న గుమ్మాలు, కిటికీ రెక్కలు, గూటి తలుపులు. వాటికి బేరం ఉండదు, వంటచెరకు కింద పోతాయి. నేను తెచ్చిన గుమ్మాన్ని మా వడ్రంగి తాత చిత్రిక పట్టి చూసి, "ఇది రంగం టేకమ్మా" అన్నాడు. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు మన కోస్తా జిల్లాల జనం కూలికీ వ్యాపారానికీ ఓడలెక్కి రంగూన్ వెళ్ళొచ్చేవాళ్ళు. ఆ ఊరిని మన పెద్దవాళ్ళు రంగం అనేవాళ్ళు. అక్కడి టేకు ఓడల మీదే ఇటు వచ్చేది. 1942లో జపాన్ వాళ్ళు బర్మాలో దిగాక మనవాళ్ళు ప్రాణాలు అరచేత పట్టుకుని నడిచి తిరిగొచ్చారు. మా ఇంట్లో ఆ అలమర దగ్గర నిలబడినప్పుడల్లా నాకు ఆ సంగతి గుర్తొస్తుంది. పైన బూడిద రంగులో బీటలు తీసిన చెక్క, ఒక్క పొర లేచేసరికి తేనె రంగు తేలింది, గదంతా తోలులాంటి ఘాటు వాసన నిండింది. ఆ నూనె లోపలుంది కాబట్టే చెద పట్టలేదు. చెదలు బయటి తెల్ల చెక్కని తింటాయి గానీ చేవను ముట్టుకోవు. గుమ్మం నాలుగు మూలలా ఒక్క మేకు లేదు. ఒక చెక్కని నాలుకలా చెక్కి, రెండోదాని బెజ్జంలో దిగ్గొట్టి, అడ్డంగా కర్ర చీల వేశారు. ఆ చీలలు తీసి చూసి తాత చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

మీలో చాలామందికి నా ఇల్లంటే ఎబ్బెట్టుగా ఉంటుందని తెలుసు. మా అత్తగారు మొదట్లో, "ఎవరో వాడి పారేసిన ఎంగిలి సామాను లక్షణమైన ఇంట్లోకి తెస్తావేంటమ్మా, జ్యేష్ఠాదేవి వచ్చి కూర్చుంటుంది" అని తిండి మానేసినంత పని చేశారు. ఆమె భయాన్ని నేనెప్పుడూ తేలిగ్గా తీసుకోలేదు. పోయినవాళ్ళ మంచం ఇంట్లో ఉంచుకోకూడదన్నది మన పట్టింపు. అది దుఃఖంలోంచి వచ్చింది, దాన్ని గౌరవించాలి. కానీ ఆమెకే ఒక సంగతి గుర్తుచేశాను. వాళ్ళ మేనమామ పేరు పెంటయ్య. ముందు పుట్టిన పిల్లలు దక్కకపోతే, తర్వాత పుట్టిన బిడ్డని పెంటకుప్ప మీద పడుకోబెట్టి, ఇంకెవరి చేతనో ఎత్తించి తెచ్చుకుని ఆ పేరు పెట్టుకునేవాళ్ళు. ఎంగిలి విస్తరాకుల్లో పొర్లిస్తే పుల్లయ్య, తవుడుకి అమ్మి కొనుక్కుంటే తవుడమ్మ. పారేసినచోట నుంచి ఏరి తెచ్చుకున్నది నిలుస్తుందని మనవాళ్ళు కన్నబిడ్డల విషయంలోనే నమ్మారు. అత్తగారు ఆ రోజు జవాబు చెప్పలేదు. వారం పోయాక ఆ జాడీల్లో ఒకదాన్ని తనే కడిగి, పసుపు రాసి, మాగాయ ఎత్తిపెట్టారు.

నల్లుల భయం మాత్రం నిజమైనదే. పరుపు, దిండు, గుడ్డ తొడిగిన సోఫా నేను ముట్టను, ఇంకెవరినీ ముట్టవద్దంటాను. నల్లులు కుట్టు సందుల్లోనూ చెక్క అతుకుల్లోనూ దాక్కుంటాయి. చెక్క సామానుకి మన అమ్మమ్మల వైద్యం ఉంది కదా, మిట్టమధ్యాహ్నం నులక మంచాన్ని వాకిట్లో నిలబెట్టి మరిగే నీళ్ళు పోసి దబదబా నేలకేసి కొట్టేవాళ్ళు. రోళ్ళు పగిలే రోహిణి కార్తె ఎండ బెజవాడలో ఉండగా నేనూ అదే చేస్తాను. పాత రంగుల విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. ఇళ్ళకి వేసే రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల వంతుల్లో 90 వంతులు) మించకూడదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరు 1 నుంచే అమల్లోకి వచ్చింది. అంతకు ముందు రంగు వేసిన తలుపుని పొడిగా రుద్దితే ఆ దుమ్ము పిల్లల ఒంట్లోకి పోతుంది. తడిపి, బయట, ముక్కుకి గుడ్డ కట్టుకుని రుద్దాలి, ఆ పొట్టుని మూట కట్టి విడిగా పారేయాలి. పాత ట్యూబులైట్లు, గాజు బుడ్డి టీవీలు ఇంటికి తెచ్చుకునేవి కావు.

ఇంకో ప్రశ్న నన్ను చాలాకాలం వేధించింది. జీతం, పింఛను ఉన్న ఇంటి మనిషిని, పేదవాళ్ళకి దక్కాల్సింది నేను పట్టుకుపోతున్నానా అని. అందుకే ఒక నియమం పెట్టుకున్నాను. తెచ్చిన రోజే వాడుకోగలిగిన వస్తువు ముట్టను. శ్రీకాకుళం నుంచి పనికొచ్చి కొత్తగా గది తీసుకున్న కుటుంబానికి, హాస్టలు వదిలి నలుగురు కలిసి అద్దెకి దిగిన కుర్రాళ్ళకి కుర్చీ ఈ పూటే కావాలి. నేను తీసుకునేది నెలల తరబడి పని కోరేవి మాత్రమే. మీ గేటు దగ్గర గోనె సంచితో నిలబడే మనిషికి ఏది పనికొస్తుందో కూడా ఆమెనే అడిగి తెలుసుకున్నాను. ఇనుముకీ, ప్లాస్టిక్‌కీ, అట్టకీ పాత సామాన్ల కొట్లో కిలో ధర ఉంది. విరిగిన చెక్కకి లేదు. అదే కుర్చీ నాలుగు కాళ్ళ మీద నిలబడితే ఆమె ఇంట్లో వాడుకుంటుంది, లేదా ఎవరికైనా ఇచ్చి నాలుగు రూపాయలు తెచ్చుకుంటుంది. మీ వాచ్‌మన్ సమ్మెట ఎత్తినప్పుడు పోయేది ఆ నాలుగు రూపాయలు కూడా.

ఆ మనిషిని దొంగలా చూడటం మానాలని మిమ్మల్ని వేడుకుంటున్నాను. సెల్లార్లలో మోటార్లు, బళ్ళలో పెట్రోలు పోతున్నాయన్న మీ భయం నాకు తెలుసు, మా దగ్గరా పోయాయి. అయినా 2016లో కేంద్రం తెచ్చిన ఘన వ్యర్థాల నిర్వహణ నియమాలే చెత్త ఏరుకునేవాళ్ళని ఈ వ్యవస్థలో భాగంగా గుర్తించాయి. నివాస సంఘాలు ఇంటి దగ్గరే చెత్త వేరుచేయించి, పనికొచ్చేదాన్ని వాళ్ళకో, అనుమతి ఉన్న రీసైక్లింగ్ చేసేవాళ్ళకో అప్పగించాలని అందులో రాశారు. రోడ్ల మీద, కాలవల్లో పారేయకూడదనీ తగలబెట్టకూడదనీ కూడా అప్పుడే చెప్పారు. మన ఊళ్ళో బందరు కాలవ, ఏలూరు కాలవ, రైవస్ కాలవ మూడింటి గట్ల మీదా పరుపులు, సోఫాలు ఎలా పడుంటాయో నేను చెప్పక్కర్లేదు. 2021 అక్టోబరు 2న బెంజి సర్కిల్లో చెత్త బళ్ళు ప్రారంభించినప్పుడు ఇంటికి మూడు బుట్టలన్నారు, తడికి ఆకుపచ్చ, పొడికి నీలం, ప్రమాదకరమైనవాటికి ఎరుపు. మంచి పనే. ఆ మూడింట్లో దేనిలోనూ కుర్చీ పట్టదు. అందుకే కుర్చీ రాత్రిపూట కాలవ గట్టు చేరుతుంది.

2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు పొంగి సింగ్‌నగర్ మీద పడ్డప్పుడు మా పిన్ని వాళ్ళిల్లు మునిగింది. నీళ్ళు తీశాక సాయం చేద్దామని వెళ్ళాను. ఆ వీధులు మీరూ చూసుంటారు. ఇంటింటి ముందూ మనిషెత్తు కుప్పలు, బురద కారుతున్న పరుపులు, ఫ్రిజ్‌లు, బీరువాలు. అప్పులు చేసి వాయిదాల మీద కొన్న పొట్టుచెక్క బీరువాలు, మంచాలు టీలో నానిన బిస్కెట్లలా ఉబ్బి, పట్టుకుంటే చేతిలోకి ఊడి వచ్చాయి. అవి చెక్క పొట్టుని జిగురుతో అదిమి చేసినవి, ఒకసారి నీళ్ళు తాగితే మళ్ళీ కోలుకోవు. వాటిని చూసి నేనేమీ చెయ్యలేకపోయాను, ఎవరూ ఏమీ చెయ్యలేరు. మా పిన్ని మాత్రం పెరట్లో బురదలోంచి ఒక బల్లని లాగి చూపించింది. వాళ్ళ మామగారి కాలం నాటి చేవ బల్ల. బకెట్లతో నీళ్ళు కొట్టి, నీడలో ఇటుకల మీద ఎత్తి పెట్టి నెల్లాళ్ళు ఆరనిచ్చాం. ఒక కాలు కాస్త మెలి తిరిగింది, అంతే. ఆ ఇంట్లో మొదటగా మళ్ళీ కూర్చున్నది ఆ బల్ల మీదే. అయితే ఆ పక్క వీధిలోనే, అలాంటివే రెండు మూడు జేసీబీ తొట్టిలో నలిగి వెళ్ళిపోవడం కూడా కళ్ళారా చూశాను. ఆ వారం ఎవరికీ ఏరే ఓపిక లేదు, వాళ్ళని తప్పుపట్టను. మామూలు రోజుల్లో మనం చేస్తున్నదే నా బాధ.

ఇంకొద్ది రోజుల్లో భోగి. ఇది మీ కమిటీల చేతుల్లో పూర్తిగా ఉన్న విషయం కాబట్టి కాస్త గట్టిగానే అడుగుతున్నాను. గేటు ముందు భోగిమంట వెయ్యండి, పిల్లల చేత వేయించండి. మా చిన్నప్పుడు ధనుర్మాసమంతా పెట్టిన గొబ్బెమ్మల్ని పిడకలు చేసి, దండ గుచ్చి, తెల్లవారుజామున మంటలో వేసేవాళ్ళం. తాటాకులు, కొబ్బరి మట్టలు, ఎండు కొమ్మలు వేసేవాళ్ళు. మగపిల్లలు రాత్రిళ్ళు దడి కర్రలు ఎత్తుకొస్తే పొద్దున్నే తిట్లు కూడా పడేవి. ఇప్పుడు పోయిన ఏడు మా వీధిలోనే మంటలో రెగ్జిన్ సోఫా, ప్లైవుడ్ టీవీ స్టాండు, ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. వాటి జిగురు, రంగు, నురుగు కాలిన పొగ చుట్టుపక్కల పసిపిల్లలకి భోగిపళ్ళు పోసే ఇళ్ళలోకే వెళ్ళింది. అదే మంటలో పేము అల్లిన టేకు కుర్చీ ఒకటి, నేను వెళ్ళేసరికి కాళ్ళు అంటుకుని ఉంది. పేము అల్లిక చిరిగితే కుర్చీ పాడైపోయిందనుకుంటారు. చట్రం చుట్టూ బెజ్జాలుంటాయి, నానబెట్టిన పేము తీగని నిలువు, అడ్డం, ఐమూల వరసల్లో వాటిలోంచి లాగి అల్లుతారు. మన దేశంలో అంధుల పాఠశాలలు ఈ పనిని చేతివృత్తిగా నేర్పేవి, చూపు లేకుండా వేలి కొసలతోనే బెజ్జాలు లెక్కపెట్టుకుంటూ అల్లేవాళ్ళు ఉండేవాళ్ళు. ఒక కొత్త అల్లికతో ఆ కుర్చీ ఇంకో ముప్ఫయ్యేళ్ళు కూర్చోబెట్టేది. పాతవి కాల్చాలన్న మాట నిజమే. పాతదంటే పనికిరానిది అని మాత్రం పెద్దలెవరూ చెప్పలేదు.

చండీగఢ్ సంగతి కొందరు వినే ఉంటారు. 1950లలో ఆ కొత్త రాజధాని కడుతున్నప్పుడు పియరీ జానెరే అనే వాస్తుశిల్పి ఆధ్వర్యంలో కోర్టులకీ, సచివాలయానికీ, విశ్వవిద్యాలయానికీ టేకు, పేముతో కుర్చీలు చేయించారు. కాళ్ళు కైవారం తెరిచినట్టు ఉంటాయి. పాతబడ్డాక అవి ఆఫీసుల డాబాల మీద గుట్టలుగా ఎండకి ఎండి వానకి తడిశాయి, తుక్కు కింద వేలంలో పోయాయి. వాటిని కొన్నవాళ్ళు బాగుచేయించి విదేశీ వేలంపాటల్లో లక్షలకి అమ్మాక గానీ సంగతి తెలియలేదు. 2011లో కేంద్ర హోంశాఖ వాటి అమ్మకాన్ని ఆపమని చెప్పాల్సి వచ్చింది. మన సెల్లార్లో కుర్చీకి లక్షలు రావు. కానీ ఎవరో ఒకరు కూర్చుంటారు.

మా చెల్లెలి కొడుకు బోస్టన్‌లో ఎమ్మెస్ చేశాడు. అక్కడ విద్యార్థుల అద్దె ఒప్పందాలు చాలావరకు ఆగస్టు 31తో అయిపోయి సెప్టెంబరు 1న కొత్తవి మొదలవుతాయి. ఆ ఒక్క రోజు ఆల్‌స్టన్ పేటలో పేవ్‌మెంట్ల నిండా బల్లలు, స్టాండు లైట్లు, పుస్తకాల అరలు. దాన్ని వాళ్ళు ఆల్‌స్టన్ క్రిస్మస్ అంటారట. మనవాళ్ళ పిల్లలు చదువుల అప్పు నెత్తిన పెట్టుకుని దిగిన మొదటి నెలలో ఇల్లు అమర్చుకునేది ఎక్కువగా అలాగే. మావాడు తన చదువు బల్ల ఫొటో పంపి, "పెద్దమ్మా, నీ పోలికే" అని రాశాడు. అక్కడ గర్వంగా ఫొటో పెట్టుకునే పనిని ఇక్కడ మన గేటు దగ్గర చేస్తే ఆ పిల్లాణ్ణే గదమాయిస్తాం, అది నాకు కష్టంగా ఉంటుంది.

మీనుంచి నేను కోరేది పెద్ద ఖర్చు పని కాదు. సెల్లార్లో వద్దు, గేటు లోపల వాచ్‌మన్ కళ్ళెదుట, వాన పడని చోట, ఒక మంచం పట్టేంత జాగా చూపించండి. నెలనెలా మూడో శనివారం స్వచ్ఛాంధ్ర కార్యక్రమమని 2025 జనవరి నుంచి మనందరం చీపుర్లు పడుతూనే ఉన్నాం. ఆ శనివారమే ఎవరింట్లో అక్కర్లేని సామాను అక్కడ పెట్టించండి. మొదట అపార్ట్‌మెంట్లో పనిచేసే ఆయాలు, చెత్త బండి వాళ్ళు చూసుకుంటారు. ఆదివారం పొద్దున ఒక గంట బయటివాళ్ళకి తెరవండి, వాచ్‌మన్ దగ్గర పుస్తకంలో ఏం తీసుకెళ్ళారో రాయించండి. అపరిచితులు లోపలికి వస్తారన్న బెంగ ఉండదు. వచ్చే శనివారానికి కూడా ఎవరూ తీసుకోనిదాన్ని బండి ఎక్కించండి, నేను మళ్ళీ మాట్లాడను.

పెట్టేవాళ్ళకి కూడా ఒక మాట చెప్పండి. బీరువా తాళంచెవి సొరుగులో పడేయకుండా పిడికే దారం వేసి కట్టమనండి. ఊడిన స్క్రూలు కవర్లో వేసి కాలికి కట్టమనండి. జాడీ పక్కనే దాని మూత పెట్టమనండి. సొరుగులు పూర్తిగా బయటికి లాగి, వెనక్కి పడినవి ఏమైనా ఉన్నాయేమో చూడమనండి. నేను తెచ్చిన ఒక టేబులు సొరుగు వెనక నీలం ఇన్‌లాండ్ ఉత్తరాల కట్ట, ఒక పోస్టాఫీసు పాసుబుక్కు దొరికాయి. వెతుక్కుంటూ వెళ్ళి ఇచ్చాను. ఆ ఇంటి పెద్దావిడ పాసుబుక్కు పక్కన పెట్టేసి, ఉత్తరాలు చేతిలో పట్టుకుని అలాగే గుమ్మంలో కూర్చుండిపోయారు. నన్ను లోపలికి రమ్మనడం కూడా ఆమెకి తట్టలేదు. కాసేపటికి, "ఈ టేబులు మీద కూర్చునే రాసేవారు" అని మాత్రం అన్నారు. టేబులు కావాలా అని అడిగాను. వద్దన్నారు, మీ ఇంట్లో ఎవరైనా దాని మీద చదువుకుంటున్నారా అని అడిగారు. చదువుకుంటోందని చెప్పాను.

ఇంతకుముందు మీ వాచ్‌మన్‌కి విరగ్గొట్టమని చెప్పి ఉంటే, ఈ వారమే పిలిచి వద్దని చెప్పండి. ముఖ్యంగా భోగి లోపల. అతనికీ అది ఇష్టం లేని పనే, నేను చూశాను కదా.

ఆ పడక్కుర్చీ చేతులు రెండూ మా వరండాలో గోడకి ఆనించి ఉన్నాయి. మట్టి తుడిచి చూశాను, శ్రేష్ఠమైన చేవ, కింద తిరిగే చేతులు కూడా సీల ఊడకుండా అలాగే ఉన్నాయి. వీటికి సరిపడే చట్రం కావాలి. మీ అపార్ట్‌మెంట్లో ఎవరి దగ్గరైనా చేతులు పోయిన పడక్కుర్చీ ఉంటే, ఎంత పాతదైనా సరే, దయచేసి అలాగే ఉంచండి. కబురు చేస్తే నేనే ఆటో తీసుకుని వస్తాను.

ఇట్లు,
మీ ఊరి మనిషి, సత్యనారాయణపురం నివాసి